దొరకని హంతకుల కథలంటే మనకెందుకింత ఆసక్తి?

నిశాచరి (బీటీఎం లేఅవుట్, బెంగళూరు):

నాది రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున క్యాబ్ దింపేదాకా చెవిలో హంతకుల కథలే నడుస్తుంటాయి. మొదట్లో అన్ని రకాలూ వినేదాన్ని. ఇప్పుడు దొరకనివాళ్లవే కావాలి. 1888లో లండన్ వైట్‌చాపెల్ సందుల్లో స్త్రీలను చంపిన జాక్ ది రిప్పర్, 1968-69లో శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో చంపుతూ పత్రికలకు గూఢలిపిలో ఉత్తరాలు రాసిన జోడియాక్, 1989లో కలకత్తా పేవ్‌మెంట్ల మీద నిద్రపోతున్నవాళ్ల తలల మీద బండరాయి వేసిన స్టోన్‌మ్యాన్. వీళ్ల గురించి ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు.

దొరికితే మాత్రం నీరుకారిపోతాను. కాలిఫోర్నియాలో 1970ల నుంచి 1986 దాకా అత్యాచారాలు, హత్యలు చేసి మాయమైన ఒకడున్నాడు. బంధువుల డీఎన్ఏ ఆధారంగా 2018లో పట్టుకుంటే డెబ్బై రెండేళ్ల మాజీ పోలీసు అని తేలింది. వీల్‌చైర్లో కోర్టుకు తెచ్చారు. ఆ బొమ్మ చూశాక అతని కథ మళ్లీ వినాలనిపించలేదు. భయం లేదా అంటే, ఉంది. మా భవనం మెట్ల మీద దీపం వెలగకపోతే వాచ్‌మన్‌ను నిద్ర లేపుతాను. అనంతపురంలో మా అమ్మ "నీ చెవులకు శని పట్టిందే" అంటుంది.

ఇది నా ఒక్కదానికేనా? ఇంకొకటి. 2013లో పరప్పన అగ్రహార జైలు నుంచి హంతకుడు జైశంకర్ పారిపోయినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పండి.

గూఢలిపి ప్రియుడు:

మీ ఒక్కరికే కాదు. జోడియాక్ పంపిన 340 అక్షరాల సంకేతం యాభై ఏళ్లు ఎవరికీ లొంగలేదు. 2020 డిసెంబరులో ఒక అమెరికన్, ఒక ఆస్ట్రేలియన్, ఒక బెల్జియన్ కలిసి విప్పారు. ఆ రోజు నేను ఆఫీసు పని పక్కన పడేసి చదివాను. తీరా చూస్తే అందులో పేరు లేదు, ఆచూకీ లేదు. నన్ను పట్టుకునే ప్రయత్నం మీకు సరదాగా ఉందనుకుంటాను, గ్యాస్ చాంబర్లో మరణశిక్ష అంటే నాకు భయం లేదు అంటూ కాసిని బడాయి మాటలు. స్పెల్లింగు తప్పులతో సహా. అంతకాలం మనం అందులో ఒక మేధావిని ఊహించుకున్నాం.

వైట్‌చాపెల్ వాడి సంగతీ అంతే. ఆ ప్రసిద్ధమైన పేరు వచ్చింది ఒక ఉత్తరం కింది సంతకం నుంచి. ఆ ఉత్తరం రాసింది హంతకుడు కాదు, పత్రికలవాడెవడో అని అప్పటి పోలీసు అధికారులే నమ్మారు.

హోసూరు రోడ్డు కొట్టాయన:

అమ్మా, నీ రెండో ప్రశ్నకు నేను చెప్పగలను. మాది పుంగనూరు. సింగసంద్రలో హార్డ్‌వేర్ కొట్టు. జైలు మాకు దూరమేమీ కాదు.

2013 సెప్టెంబరు 1, ఆదివారం. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు కబురు తెచ్చాడు. జైశంకర్ అంటే తమిళనాడు నుంచి లారీలు నడిపిన మనిషి. హైవేల పక్కన ఒంటరిగా కనిపించిన ఆడవాళ్ల మీద అత్యాచారాలు, హత్యలు చేసిన కేసులు పలు రాష్ట్రాల్లో ఉన్నాయి. 2009లో తిరుప్పూరు వైపు డ్యూటీలో ఉన్న మహిళా కానిస్టేబుల్‌నే చంపాడు. 2011లో సేలంలో కాపలా పోలీసుల కళ్లుగప్పి పారిపోయాడు. అలాంటివాడు ఈసారి పోలీసు దుస్తులు వేసుకుని, వెదురు గడ, దుప్పట్లు పట్టుకుని జైలు గోడ దాటేశాడు. మధ్యాహ్నానికి కొట్టులో సేఫ్టీ చైన్లు ఒక్కటి మిగల్లేదు. అల్‌డ్రాప్ గడియలు, పెద్ద తాళం కప్పలు, బయట ఎవరున్నారో చూసేందుకు తలుపుకు బిగించే మ్యాజిక్ ఐలు సాయంత్రానికి అయిపోయాయి. ఆదివారం కాబట్టి ఎస్పీ రోడ్డు హోల్‌సేల్ మూత. వడ్రంగులు అడిగినంత కూలి తీసుకున్నారు.

ఇక కబుర్లు. హోసూరు బస్టాండులో చూశామని ఒకరు, మడివాళ మార్కెట్లో టీ తాగుతుండగా చూశామని ఇంకొకరు, ఆడవేషం వేసుకుని కోలారు బస్సెక్కాడని మరొకరు. మా కొట్టులో జైశంకర్ ఒక్క రాత్రిలో నాలుగు ఊళ్లు తిరిగేవాడు. చెప్పేవాళ్ల ముఖాల్లో భయం కంటే, ఆ కబురు తామే ముందుగా మోసుకొచ్చామన్న సంబరం ఎక్కువ కనిపించేది. అయిదు లక్షల బహుమతి ప్రకటించాక ప్రతివాడూ డిటెక్టివే.

శుక్రవారం దొరికాడు. ఎక్కడ? మా పక్కనే, కూడ్లు గేటు దగ్గర. గోడ మీంచి పడినప్పుడే కాలు విరిగింది. నడవలేక, ఊరు దాటించడానికి బండి కోసం ఎవరినో సాయం అడిగితే ఆ కబురు పోలీసులకు చేరింది. మేము కోలారు పంపించినవాడు కుంటికాలితో పాడుబడిన కట్టడంలో పడి ఉన్నాడు. పేపర్లో ఫొటో చూసి మా వీధివాళ్లు "వీడేనా?" అన్నారు. నువ్వు నీరుకారిపోయాను అన్నావే, అదే. శనివారం ఒకాయన బిల్లుతో సహా వచ్చి, ఇంకా బిగించలేదు, చైను వాపసు తీసుకోమన్నాడు. తీసుకోలేదనుకో.

ఒక సంగతి మాత్రం అప్పుడే గమనించాను. తాళాలు కొన్నవాళ్లలో ఎక్కువమంది గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్న అపార్టుమెంట్లవాళ్లు. రోడ్డు పక్క రేకుల షెడ్లలో రాయచూరు, కర్నూలు కూలీలు ఉండేవాళ్లు. వాడు వెతికేది అలాంటి చోట ఉండే ఆడవాళ్లనే. అక్కడి నుంచి ఒక్కరూ రాలేదు. తాళం వేయడానికి తలుపుండాలి కదా.

నల్లకోటు:

కొట్టాయన గారు చెప్పినదానికి వకీలుగా నేనొకటి కలుపుతాను. దొరకనివాడు తెలివైనవాడు అని మనం అనుకుంటాం. చాలా కేసుల్లో వాణ్ణి వెతికినవాళ్లే లేరు.

దక్షిణ కన్నడ జిల్లాలో మోహన్ కుమార్ అనే బడి పంతులు ఉండేవాడు. 2003 నుంచి 2009 దాకా ఇరవై మంది స్త్రీలను చంపాడు. కట్నం ఇచ్చుకోలేని ఇళ్లలోని పెళ్లికాని అమ్మాయిలను ఎంచుకునేవాడు. పెళ్లి చేసుకుంటానని వేరే ఊరు తీసుకెళ్లి లాడ్జిలో ఒక రాత్రి ఉంచేవాడు. మర్నాడు నగలు గదిలోనే వదిలి రమ్మని, బస్టాండుకు తెచ్చి, గర్భం రాకుండా మాత్ర ఇస్తున్నానని సైనైడ్ ఇచ్చి, మరుగుదొడ్డిలోకి వెళ్లి వేసుకోమనేవాడు. లోపల గడియ పెట్టిన మరుగుదొడ్లో శవం దొరికితే స్థానిక ఠాణాలో అసహజ మరణం కింద ఒక కాగితం పుట్టేది. ఆత్మహత్య అనుకునేవారు. మడికేరిలో ఒకటి, మైసూరులో ఒకటి, హాసనలో ఒకటి. ఏ ఠాణా కాగితం ఆ ఠాణాలోనే ఉండిపోయింది. మంచి చీర కట్టుకున్న ఆడపిల్ల, ఒంటి మీద నగల్లేవు, బస్టాండు మరుగుదొడ్డి, విషం. రెండు కాగితాలు ఒకే బల్ల మీద పెట్టుకుని చూసినవాడికి అనుమానం రాదా?

ఎలా బయటపడిందో కూడా వినండి. 2009లో బంట్వాళ ప్రాంతపు అమ్మాయి ఒకరు కనిపించకుండా పోతే, వేరే మతం కుర్రాడితో వెళ్లిపోయిందని పుకారు పుట్టింది. జనం ఠాణా మీదికి వచ్చారు. అప్పుడు ఫోను కాల్స్ జాబితా తీశారు. అందులోని నంబరు ఇంకో కనిపించని అమ్మాయిది, దాని నుంచి మరొకటి, అలా తీగ లాగితే డొంకంతా కదిలింది. అబద్ధపు పుకారు వల్ల అసలు విచారణ మొదలైందన్నమాట. ఆ పుకారు పుట్టకపోతే మీరు చెవిలో పెట్టుకుని వినే జాబితాలో అతనూ ఉండేవాడేమో.

మీ స్టోన్‌మ్యాన్ చంపిన పదమూడు మందిలో చాలామంది ఎవరో కూడా తేలలేదు. హతుడి పేరే తెలియని కేసులో మొదటి సాక్షిని ఎవరిని పిలుస్తారు?

విజయనగర అక్క:

అందరూ భయాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నారు, నేను ఒప్పుకోను. ఇళ్లలో జొరబడి దోచుకుని చంపే దండుపాళ్యం ముఠా రోజుల్లో మేము విజయనగరలో కొత్తగా కాపురం పెట్టాం. పగటిపూట ఇంట్లో ఆడవాళ్లే ఉన్న ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగేవాళ్లు, తేవడానికి ఇంటావిడ లోపలికి పోతే ఆమె గొంతు మిగిలేది కాదు. ఆ భయంతోనే మా వీధిలో ప్రతి ఇంటికీ ఇనుప గ్రిల్లు వచ్చింది. అంతకుముందు తలుపులు బార్లా తీసి ఉండేవి, ఎదురింటామెతో గడప మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేదాన్ని. గ్రిల్లు వచ్చాక అదీ పోయిందనుకోండి. అయినా ఆ గ్రిల్లు నేను తీయించలేదు, తీయించను.

హోసూరు రోడ్డు కొట్టాయన:

అక్కయ్యా, గ్రిల్లు తీయించమని నేనంటే నా కడుపు కొట్టుకున్నట్టే. ఉంచుకోండి. దండుపాళ్యం వాళ్లు నిజంగా ఉన్నారు, నిజంగా చంపారు. భయపడటంలో తప్పులేదు. ఆ రోజుల్లోనే కదా, రాత్రిళ్లు తలుపు తట్టే దయ్యాన్ని పొమ్మని మా పుంగనూరు వైపు గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని, ఇక్కడ తలుపుల మీద కన్నడంలో "నాళె బా" (రేపు రా) అని రాసుకున్నది. సుద్దముక్కతో పోయిన భయం అది, ఎవరికీ నష్టం లేదు.

కానీ 2018 మే నెల గుర్తుందా? పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్ నిండా వీడియోలు. మన తెలుగు జిల్లాల్లోనూ అవే తిరిగాయి. చామరాజపేటలో రాజస్థాన్ నుంచి పనికోసం వచ్చిన కుర్రవాణ్ణి తాడుతో కట్టి, బ్యాట్లతో కొట్టి చంపేశారు. ముఠా లేదు, ఏమీ లేదు. ఆ వారం మా కొట్టులో పనిచేసే బీహారు పిల్లవాణ్ణి ఒంటరిగా డెలివరీకి పంపలేదు. కన్నడం రాదు, ముఖం కొత్త. జైశంకర్‌ను నాలుగు ఊళ్లలో చూసిన కళ్లే కదా ఇవి, వీణ్ణి చూసి ఏమనుకుంటాయో ఎవరికి తెలుసు?

నిశాచరి:

అందరికీ ధన్యవాదాలు. నల్లకోటు గారూ, ఇప్పుడు ఠాణాల కాగితాలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా, మోహన్ లాంటివాడు మళ్లీ అన్నేళ్లు తప్పించుకోగలడా?

నల్లకోటు:

ఠాణాలను కలిపే సీసీటీఎన్ఎస్ వ్యవస్థ ఉంది, నిజమే. కాగితం పుడితే అందులోకి ఎక్కుతుంది. పుట్టకపోతే? పెళ్లీడు అమ్మాయి కనిపించడం లేదని తండ్రి వెళితే "ఎవరితోనో వెళ్లి ఉంటుంది, రెండు రోజులు చూడండి" అనే మాట నేను ఇప్పటికీ వింటూనే ఉన్నాను. యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో 2015లో ఒక చిన్నపిల్ల మాయమైంది. 2019లో ఇంకో పిల్ల కోసం పాడుబడిన బావిలో వెతికాకే ఆ మొదటి పిల్ల ఏమైందో తెలిసింది. పిల్లలు తప్పిపోతే ఎఫ్ఐఆర్ రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమైతే ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, మా పరిధి కాదు అనకూడదు. మీకు తెలిసినవాళ్లెవరికైనా అవసరం పడితే నోటిమాటతో తిరిగి రానివ్వకండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోమనండి.