పాకిస్తాన్ జైల్లో శిక్ష పూర్తయినా, గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలసెళ్లిన మన కలాసీలు (వేట బోట్లలో పనిచేసేవాళ్లు) ఎందుకు ఇల్లు చేరరు?

తీరం_ఎచ్చెర్ల:
2018 నవంబరులో సముద్రంలో వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరి 6న గానీ వాఘా సరిహద్దు దాటలేదు. ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చుకుంటాయి కదా, మరి జాప్యం ఎక్కడ? ఇంటివాళ్లు ఇక్కడ నుంచి చేయగలిగిందేటి?

నాగావళి:
జాబితా వేరు, విడుదల వేరండి. 2008 మే 21 ఒప్పందం ప్రకారం అరెస్టయిన మూడు నెలల్లో మన హైకమిషన్ అధికారిని ఖైదీ దగ్గరకు రానివ్వాలి. శిక్ష అయిపోయి, జాతీయత ఖరారయ్యాక నెలలో పంపేయాలి. ఆ ఖరారు దగ్గరే చిక్కంతా. జైల్లో చెప్పిన పేరు, ఊరు ఇస్లామాబాద్ నుంచి ఢిల్లీకి, అక్కణ్నుంచి రాష్ట్రానికి, జిల్లా పోలీసులకు వచ్చి, మళ్లీ అదే దారిన వెనక్కెళ్లాలి. మనకు ఇంటిపేరు ముందు. రాసుకునేవాళ్లు దాన్నే అసలు పేరనుకుంటే ఆధార్‌తో కలవదు. ఊరు పేరు కూడా అంతే, ఉత్త ‘మత్స్యలేశం’ అంటే డి.మత్స్యలేశమా, కె.మత్స్యలేశమా తేలదు.

ఒకే కాగితం మీద ఇవి రాయండి: ఆధార్‌లో ఉన్నట్టే పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, పట్టుబడిన తేదీ, బోటు రిజిస్ట్రేషన్ నంబరు. ఫొటో అంటించండి. బోటు నంబరుంటే తండేలు (బోటు నడిపే పెద్ద)తో సహా ఆ బోటువాళ్లందరినీ ఒకేసారి పోల్చుకోవచ్చు. ఒక కాపీ మత్స్యశాఖకు, ఒకటి కలెక్టరేట్‌కు ఇచ్చి, విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం విదేశాంగశాఖ నడిపే మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి.

వంశధార_గట్టు:
మనవాళ్లు పట్టుబడటానికి అసలు రోగం సర్ క్రీక్, అంటే గుజరాత్‌కూ పాకిస్తాన్‌లోని సింధ్‌కూ మధ్య ఉన్న సముద్రపు పాయ. 96 కిలోమీటర్ల ఆ పాయ మొత్తం తమదేనని 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం చూపి పాకిస్తాన్ అంటుంది. హద్దు నడిపాయలో అని మనం. పాయ తేలకపోతే సముద్రంలో గీత ఎక్కడ మొదలుపెడతారు? ప్రత్యేక ఆర్థిక మండలంలో (తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశానికి చేపల హక్కుండే సముద్రంలో) చేపలు పట్టినందుకు, వేరే ఒప్పందం లేకపోతే, జైలు కూడదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం చెబుతుంది. కానీ వాళ్ల తీరం నుంచి 12 నాటికల్ మైళ్లలోపు దొరికారంటే అది పనిచేయదు.

తీరం_ఎచ్చెర్ల:
బంగ్లాదేశ్‌తో సముద్రపు హద్దు తేల్చుకున్నాం కదా, ఇక్కడెందుకు కాదు?

వంశధార_గట్టు:
అది 2014 జూలై 7 ట్రిబ్యునల్ తీర్పు. వివాదంలోని 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకు పోయినా మన దేశం ఒప్పుకుంది. మన విదేశాంగ విధానం చేసిన మంచి పనుల్లో అదొకటని నా నమ్మకం. పాకిస్తాన్‌తో మాత్రం 1972 సిమ్లా ఒప్పందం నుంచి మూడో మనిషి వద్దన్నదే మన పట్టు. మాటలు ఆగితే గీత కూడా ఆగుతుంది.

నాగావళి:
అందుకే నేను పైన చెప్పిన కాగితం వలస వెళ్లకముందే రాసి ఇంట్లో పెట్టాలి. పట్టుబడితే ఆ తేదీ తర్వాత రాయొచ్చు, బోటు నంబరు వేరావల్ చేరాక తెలుస్తుంది. బోటెక్కే రోజునే పక్కన కనిపించే నంబరు ఫొటో తీసి ఇంటికి వాట్సాప్ చేయమనండి.