తెల్ల పంచె పసుపెక్కింది, తప్పు ఇంకుదా పేపర్‌దా?

నల్గొండ_స్టూడియో:
అందరికీ నమస్తే. గడియారం సెంటర్ దగ్గర చిన్న స్టూడియో నాది. మూడేళ్ల కింద ఒక బత్తాయి తోట రైతుకు వాళ్ల నాయన ఫోటో 12×18 సైజులో వేసి, చుట్టూ మౌంటు అట్ట పెట్టి ఫ్రేము కట్టించి ఇచ్చాను. పిగ్మెంట్ ఇంకు, తొందరగా వెలవని రకం. పేపరేమో అప్పుడు దొరికినవాటిలో అన్నిటికంటే తెల్లగా మెరిసేది. ఆ మెరుపు చూసే కొన్నాను, దాచేదేముంది. మొన్న ఆయన ఆ ఫ్రేము సంచిలో తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "మా నాయన జన్మల మాసిన పంచె కట్టలే, నువ్వు కట్టించినవ్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ముఖం రంగు, మీసం నలుపు, వెనకాల నీలి పరదా అన్నీ బాగానే ఉన్నాయి. పంచె, తలపాగా మాత్రం మీగడ రంగుకు తిరిగాయి. ఫ్రేము విప్పితే మౌంటు కింద దాగిన అర అంగుళం అంచు కొన్న రోజులాగే తెల్లగా ఉంది! వాకిలికి ఎదురు గోడ, సాయంత్రం ఎండ నేరుగా పడుతుందట. ఊరికే మళ్లీ వేసిస్తానన్నాను. ఏ పేపర్ మీద వేయను?

పాలమూరు_ప్రింట్స్:
అన్నా, పేపర్‌దే. ఆ మెరుపు ఆప్టికల్ బ్రైటనర్‌ది. బట్టల సబ్బు పొడిలో కలిపే రకమే. ఎండలో కంటికి కనిపించని యూవీని పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది, ఆ నీలం పేపర్‌లోని పసుపును కప్పేస్తుంది. వెలుగు తగిలేకొద్దీ ఆ మందు చచ్చిపోతుంది, కింద ఉన్న అసలు రంగు బయటపడుతుంది. మీ పంచెకు పసుపు ఎక్కలేదు, నీలం దిగింది. దొంగనోట్లు చూసే లైటు ఉంటే దాని కింద పెట్టి చూడండి. అసలు నోటు కాగితంలో బ్రైటనర్ ఉండదు కాబట్టి నంబర్లు, దారం మెరుస్తాయి గానీ కాగితం మెరవదు. కొనే పేపర్‌కూ అదే పరీక్ష. 'యాసిడ్ ఫ్రీ' అని రాసి ఉంటే చాలనుకోకండి, అది వేరే సంగతి.

ఫ్రేము_మేస్త్రి:
యూవీ గ్లాస్ వేస్తే అయిపోతుంది కదా అంటారు కొందరు. వేస్తే మందు నెమ్మదిగా పోతుంది, నిజమే. కానీ యూవీ లోపలికే రాకపోతే ఆ మందు మెరవదు, మొదటి రోజే డల్‌గా కనిపిస్తుంది. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు కింద కూడా అంతే, దాంట్లో యూవీ దాదాపు ఉండదు. ఇంకొకటి, మౌంటు బోర్డు కూడా బ్రైటనర్ లేనిదే తీసుకోండి. ధగధగలాడే బోర్డు పక్కన మంచి పేపర్ కూడా పాతదానిలా కనిపిస్తుంది.

పాలమూరు_ప్రింట్స్:
బ్రైటనర్ లేనివంటే ఎప్సన్ హాట్ ప్రెస్ న్యాచురల్, కాన్సన్ రాగ్ ఫోటోగ్రఫిక్ ఉన్నాయి. రెండూ కాటన్‌వి, మెరుపు లేని మ్యాట్ రకం. ప్రింటర్‌లో మ్యాట్ బ్లాక్, అంటే మ్యాట్ పేపర్‌కు వాడే నల్ల ఇంకు, పెట్టడం మరవకండి. ఎప్సన్‌లోనే 'బ్రైట్' అని ఇంకోటి ఉంది, దాంట్లో మందు ఉంటుంది. పొరపాటున అది తెచ్చుకోకండి.

నల్గొండ_స్టూడియో:
పక్క కిరాణా కొట్టు నుంచి నోట్ల లైటు అడిగి తెచ్చాను. షట్టర్ దించి వేస్తే ఫోటో చుట్టూ అంచు నీలంగా వెలిగింది, మధ్యలో పెద్దాయన చీకట్లో ఉన్నాడు. ఫోన్‌లో ఫోటో తీశాను, రైతు వస్తే చూపిస్తా. న్యాచురల్ ఆర్డర్ పెట్టాను. పంచె కాస్త పాల రంగులోనే ఉంటుంది, ఆ మాట ముందే చెప్తా. ఈసారి వాకిలి ఎదురు గోడ వద్దని కూడా చెప్పాలి, ఆ మాట వింటాడో లేదో.