ప్రిటిల్‌వెల్ సమాధిలో బంగారు సిలువలు: ఆ మనిషి క్రైస్తవుడేనా?

గోదారిగట్టు: ఇంగ్లండ్‌ ఎసెక్స్‌లోని ప్రిటిల్‌వెల్‌లో 2003లో ఒక ఆంగ్లో-సాక్సన్ (తొలి ఇంగ్లీషువాళ్ల) సమాధి తవ్వారు. చెక్క గది. గోడ కొక్కేలకు తగిలించినవి తగిలించినట్టే ఉన్న పాత్రలు, కత్తి, లైర్ వాద్యం, పాచికలు. తల ఉండాల్సిన చోట పలుచని బంగారు రేకు సిలువలు రెండు. క్రైస్తవుడికి ఇన్ని సామాన్లెందుకు?

శాసనాలపిచ్చి: పెడితే కాకుండా పోతాడా? కేంబ్రిడ్జి దగ్గర ట్రంపింగ్టన్‌లో మంచంతో సహా పూడ్చిన అమ్మాయి దగ్గర గార్నెట్లు (ఎర్ర రాళ్లు) పొదిగిన బంగారు సిలువ దొరికింది. సెయింట్ కత్‌బర్ట్ అంతటి బిషప్పు శవపేటికలోనే సిలువ, దువ్వెన ఉన్నాయి. సామాన్లు చెప్పేది హోదా.

గోదారిగట్టు: కత్‌బర్ట్ పోయింది 687లో. ప్రిటిల్‌వెల్ సమాధిది 580–605 మధ్య అని 2019లో తేల్చారు. క్రైస్తవం ప్రచారం చెయ్యమని రోమ్ నుంచి పంపిన అగస్టీన్ కెంట్ రాజ్యంలో దిగిందే 597లో!

శాసనాలపిచ్చి: అంతకుముందే కెంట్ రాణి బెర్తా క్రైస్తవురాలు. అప్పటి ఫ్రాన్స్ ఏలిన ఫ్రాంకుల ఇంటి ఆడపడుచు, తన బిషప్పును వెంట తెచ్చుకుంది. ఆమె ఆడబిడ్డ రికులా ఎసెక్స్ రాజుల ఇంటి కోడలు. సిలువ రావడానికి ఆ దారి చాలదా?

కొత్తసభ్యుడు: డీఎన్‌ఏ చూస్తే పోదా?

శాసనాలపిచ్చి: ఎముకలేవీ? ఆమ్లం ఉన్న నేల, పంటి పింగాణీ ముక్కలే మిగిలాయి. అయినా డీఎన్‌ఏ మతం చెప్పదు.

మేరీ_గుంటూరు: మా నాయనమ్మకు బొట్టు పెట్టి, గాజులు తొడిగి పెట్టెలో పడుకోబెడితే పాస్టరుగారు ప్రార్థన చెయ్యనన్నారు. ఏ ఆదివారమూ గుడి మానని మనిషి! వస్తువును చూసి విశ్వాసం తేల్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

గోదారిగట్టు: అది వేరమ్మా. నేనడిగేది తేదీ.

శాసనాలపిచ్చి: 597 పట్టుకుని వేలాడుతున్నారు మీరు!

గోదారిగట్టు: మీరేమో రెండు రేకులు చూసి చచ్చినవాడికి బాప్తిస్మం ఇచ్చేస్తున్నారు! అంత పలుచని రేకు రోజూ పెట్టుకుని తిరిగేది కాదు, పూడ్చడానికి చేయించింది. బహుశా కళ్లమీద పెట్టారు. పెట్టినవాళ్ల నమ్మకం తెలుస్తోంది సరే, ఆయనది ఎలా తెలుస్తుంది?

మేరీ_గుంటూరు: నా బాధా అదే కదండీ. గాజులు తొడిగింది మా అత్తలు, నాయనమ్మ కాదు. ఈస్ట్ ఆంగ్లియా రాజు రెడ్వాల్డ్ ఒకే గుడిలో క్రీస్తుకో బలిపీఠం, పాత దేవతలకో బలిపీఠం పెట్టాడని చరిత్రకారుడు బీడ్ రాశాడు. ఆయన్ని ఎటు వేస్తారు?

శాసనాలపిచ్చి: బీడ్ సన్యాసి, వందేళ్ల తర్వాత రాశాడు. ఆయన కంటికి అది ద్రోహం. రెడ్వాల్డ్‌కు కాకపోవచ్చు.

గోదారిగట్టు: రెడ్వాల్డ్ కెంట్‌లో మతం పుచ్చుకున్నట్టు రాతైనా ఉంది. ప్రిటిల్‌వెల్ మనిషికి పేరే లేదు. క్రైస్తవ ఖననం అనండి, ఒప్పుకుంటాను. క్రైస్తవుడు అంటే మాత్రం ఒప్పుకోను.