‘మానింది’ అన్న మాట, కాలుకున్న యాది

ప్రశ్న: ‘పని మానేశాడు’ అనడంలోనూ ‘గాయం మానింది’ అనడంలోనూ ఉన్నది ఒకే క్రియా? ఒకటే అయితే, మానిన దెబ్బ మళ్లీ నొస్తున్నదని మా ఇంట్లో అనే మాట తప్పు కావాలి కదా?

జవాబు: ఆగిపోవడం, నయం కావడం అనే రెండర్థాలూ మనకు ‘మాను’లోనే ఉన్నాయి. రసి కారడం ఆగి, పక్కు కట్టి, ఆ పక్కు కూడా రాలిపోతే పుండు మానిందంటాం. (చెట్టు అనే అర్థంలోని మానును ఇందులోకి లాగాలని చాలామందికి సరదా ఉంటుంది గాని, నేను లాగను.) మీ ప్రశ్నలోని చిక్కు క్రియలో లేదు, ఆగినదేమిటన్న దగ్గర ఉన్నది.

మా మేనమామ వరంగల్లు దగ్గరి వర్ధన్నపేట దిక్కు కల్లుకు తాటిచెట్లు గీసేవాడు. ముప్పై ఏళ్ల కింద మోకు జారి చెట్టు మీదినుండి పడితే ఎడమ మోకాలి కింద బొక్క విరిగింది. కోస్తా మిత్రులు గమనించాలి, మాకు బొక్క అంటే ఎముక, రంధ్రం కాదు. కట్టు విప్పిన నాడు ‘బొక్క అతికింది, ఇక మానినట్టే’ అన్నారట. ఇప్పటికీ చలికాలం పొద్దున మంచం దిగేటప్పుడు ఆయన ముందుగా కుడికాలు నేల మీద మోపి, ఎడమ పిక్కను రెండు చేతులతో పట్టుకొని మెల్లగా దించుతాడు. ఎందుకని అడిగితే, “నేను మర్చిపోయిన గని, కాలుకు యాదికున్నది అల్లుడా” అంటాడు. యాది అంటే మాకు జ్ఞాపకం.

ఈ మాటను ఉత్త చమత్కారమని కొట్టివేయలేము. మానిన చోట వచ్చేది పాత చర్మం కాదు, మచ్చ. ఎంత కాలం గడిచినా దాని బలం అసలు చర్మం బలంలో సుమారు 80 శాతానికి మించదు. పైగా ఆ మచ్చ ఒకసారి కట్టి వదిలేసిన గోడ వంటిది కాదు, అందులోని కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే మాంసకృత్తు) కొంత కరుగుతూ, కొంత కొత్తగా అల్లుకుంటూనే ఉంటుంది, ఆ అల్లికకు విటమిన్ సి కావాలి. 1740లో నౌకాదళాధికారి ఆన్సన్ నాయకత్వంలో బయలుదేరిన ఇంగ్లండు నౌకల మీద, విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ జబ్బు ప్రబలినప్పుడు, యాభై ఏళ్ల కింద, 1690లో ఐర్లండులో జరిగిన బోయ్న్ యుద్ధంలో గాయపడి ఎప్పుడో నయమైన ఒక ముసలి సైనికుడి గాయాలు మళ్లీ తెరుచుకున్నాయని, అతికిన ఎముక సైతం విడిపోయిందని ఆ యాత్రా వృత్తాంతంలో రాశారు. దీనికి మన భాషలో సిద్ధంగా ఉన్న క్రియ ‘తిరగబెట్టు’. జ్వరానికి ఎక్కువగా వాడుతున్నాం గాని, ఈ సైనికుడి గాయాలకు అంతకన్నా సరిపోయే మాట నాకు తోచలేదు.

మరొక సభ్యుడు: యాది మనసుకుంటుంది. కాలుకు అంటగట్టడం కవిత్వం.

జవాబు: కొంతవరకు ఒప్పుకుంటాను, కొంతవరకే. 2017లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకల చర్మంలో వాపు పుట్టించి, అది పూర్తిగా తగ్గిన తరువాత అదే చోట గాయం చేసి చూస్తే, మామూలు చర్మం కన్నా దాదాపు రెండున్నర రెట్లు వేగంగా మానింది. కొత్త చర్మాన్ని పుట్టించే మూలకణాలలో డి.ఎన్.ఎ. కొన్ని చోట్ల విప్పుకొని, వాపు తగ్గాక కూడా మూసుకోకుండా ఉండడమే దానికి కారణమని తేలింది. అందులో మనసు ప్రమేయం లేదు, అయినా వాళ్లు దానిని జ్ఞాపకమనే అన్నారు. ఇక్కడ యాది గాయానికి మేలే చేసింది. కాలు తీసేసిన తరువాత, ఆ లేని కాలులో మునుపటి పుండు నొప్పే పడే వారి సంగతి వేరు. అక్కడ యాది నరాలది, వెన్నుపాముది, మెదడుది గనుక మీ అభ్యంతరానికి కొంత బలం ఉన్నది.

అయితే మామ వాక్యాన్ని వ్యాకరణంగా చూడండి. మర్చిపోయినది ‘నేను’, ప్రథమా విభక్తిలో ఉన్నది. యాది ఉన్నది ‘కాలుకు’, ‘కు’ చేరిన చతుర్థిలో ఉన్నది. మన భాషలో ఆకలి, నిద్ర, నొప్పి కలిగినవారు చతుర్థిలోనే వస్తారు, ‘నాకు ఆకలి’ అన్నట్టు. మొదటి ప్రశ్నకు కూడా జవాబు ఇదే: మానింది గాయం, నొస్తున్నది కాలు. కర్తలు వేరు గనుక మీ ఇంటి మాటలో తప్పు లేదు.

‘కాలుకు’ను ‘కాలికి’ అని దిద్దమని ఒకరు సూచించారు. గ్రాంథికంగా వారిదే సరి, కాని అది మామ అన్న మాట గనుక అట్లాగే ఉంచుతున్నాను.