మావాడికి ఆర్సీ కారు: రెడీమేడ్ కొనాలా, కిట్ తెచ్చి బిగించుకోవాలా?

రాజమండ్రి నాన్న
నమస్తే అండి. మావాడికి పన్నెండేళ్లు. తీర్థాల్లో కొన్న రిమోట్ కార్లు మూడు అటక మీద పడున్నాయి, విప్పి చూస్తే అన్నిట్లోనూ ఒకటే చిన్న బోర్డు, అది పోతే ఇక కారు పోయినట్టే. ఈసారి వేసవి సెలవులకి కాస్త మంచిది, విడిభాగాలు దొరికేది కొందామని ఉంది. 15 వేలు అనుకున్నా, మహా అయితే 18. వాడేమో వీడియోల్లో టామియా (జపాన్ కంపెనీ) కిట్, అంటే విడిభాగాలుగా వచ్చే కారు, బిగించడం చూసి అదే కావాలని పట్టుబట్టాడు. నా పనితనం ఫ్యాను రెగ్యులేటర్ మార్చడం దగ్గరే ఆగిపోయింది. మా ఆవిడ "అంత డబ్బు పోసి కొని మళ్లీ మనమే బిగించుకోవడమేంటి" అంటోంది, దానికి నా దగ్గర జవాబు లేదు. నడిపేది ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద, ఆదివారాలు స్కూల్ గ్రౌండులో. ఏది తీసుకోమంటారు?

గేర్ల పిచ్చోడు
కిట్టే అండి, అయితే పెట్టె మీద ధర చూసి మోసపోకండి. నేను మొదట బిగించింది టామియా టీటీ-02. అందులో మోటారు ఇస్తారు, ఈఎస్‌సీ (అంటే మోటారు స్పీడు చూసుకునే డబ్బా) కొన్ని పెట్టెల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. సర్వో (ముందు చక్రాల్ని పక్కకి తిప్పే చిన్న మోటారు), రిమోట్, రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది), బ్యాటరీ, ఛార్జర్ అన్నీ విడిగా కొనాలి. బాడీ పారదర్శకంగా గాజులా వస్తుంది, రంగు లోపలి వైపు నుంచి కొట్టాలి, దానికి పాలీకార్బొనేట్ (ఆ బాడీ ప్లాస్టిక్) రంగే వాడాలి, హార్డ్‌వేర్ షాపు స్ప్రే కొడితే పెచ్చులూడిపోతుంది. ఇవన్నీ కలుపుకుంటే మీ 18 వేలు దాటడం ఖాయం.

ఇంకో మాట. టీటీ-02 రోడ్డు కారు, కింద ఎత్తు తక్కువ, మీ స్కూల్ గ్రౌండులో పొట్ట రాసుకుంటుంది. మట్టిలో తిప్పాలంటే బగ్గీ (మట్టిలో, గతుకుల్లో తిరిగే రకం) కిట్ చూడండి. గ్రాస్‌హాపర్ అని 1984 నాటి డిజైన్ ఉంది, 2005లో మళ్లీ తెచ్చారు, వెనక చక్రాలతోనే నడుస్తుంది, లోపల గజిబిజి ఉండదు.

బిగించడంలో ఏముందంటారా? డిఫరెన్షియల్‌లో (రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బా) వేలెడంత లేని గేర్లకి గ్రీజు రాసి మూత పెట్టి, ఒక చక్రం ఇటు తిప్పితే రెండోది అటు తిరగడం చూసినప్పుడు మావాడి మొహం చూడాలి. స్కూల్లో ఎన్నిసార్లు బొమ్మ గీసినా వాడికి ఎక్కని సంగతి అది.

వైజాగ్ బ్యాచిలర్
బ్రో మీ మిసెస్‌కి ఇలా చెప్పండి: పచ్చడి షాపులో దొరుకుతున్నా ఆవకాయ ఇంట్లోనే ఎందుకు పెడతారు?

రిపేరు మావయ్య
పైన చెప్పినవన్నీ నిజమే, అయినా మొదటి కారు రెడీమేడే కొనండి అంటాను నేను. సెలవుల్లో పిల్లాడికి మొదటిరోజే కారు పరుగెత్తాలి, సర్వో ఇంకా రాలేదు, రంగు ఆరలేదు అంటే వారానికి వాడి ఉత్సాహం చల్లారుతుంది. మీ బడ్జెట్‌కి డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 లాంటిది చూడండి, 1/14 సైజు బగ్గీ, నాలుగు చక్రాలూ లాగుతాయి, ఛాసిస్ లోహం, రిమోట్, బ్యాటరీ, ఛార్జర్ పెట్టెలోనే వస్తాయి. బ్యాటరీ 7.4 వోల్టులు, 1500 ఎంఏహెచ్, మాకు పది నిమిషాలకి మించి రాదు, కాబట్టి రెండోది కొనక తప్పదు.

రెడీమేడ్ అంటే పెట్టె తీసి వదిలేయడమే అనుకోవద్దు. నేను అలాగే అనుకున్నా. ఏ కంపెనీయో చెప్పను గానీ, మోటారు మీది పినియన్ గేరుకి ఉండే చిన్న స్క్రూ ఫ్యాక్టరీలో సరిగ్గా బిగించలేదు. సాయంత్రానికి మోటారు గుయ్యిమంటోంది, కారు మాత్రం కదలదు. విప్పి చూస్తే పినియన్ జారి, పెద్ద గేరు పళ్లు ఒక పక్క అరిగిపోయి పొడి రాలుతోంది. అందుకే ముందు అన్ని స్క్రూలూ ఒకసారి చూసుకోండి. మోటారు తిరిగి బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి బిగించి, తర్వాత కాగితం లాగేస్తే సందు సరిపోతుంది. లోహంలోకి లోహం వెళ్లే చోట నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేయండి, ప్లాస్టిక్‌కి తగలనివ్వొద్దు, పగులుతుంది.

గోడకి గుద్దితే ముందు చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ విరుగుతుంది, గుద్దక మానడు. మొదటిసారి మార్చడానికి నాకు రెండు గంటలు పట్టింది, మూడోసారికి పిల్లాడే ఇరవై నిమిషాల్లో మార్చేశాడు. మీవాడి బిగించే సరదా అలా తీరుతుంది. వచ్చే ఏడు కిట్ కొంటే అప్పటికి వాడికి ఏ భాగం ఎందుకో తెలిసుంటుంది.

లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ సంగతి మాత్రం పిల్లాడికి వదలకండి. ఒక్కో సెల్లు 4.2 వోల్టులకి నిండుతుంది, 3 కన్నా దిగితే పాడవుతుంది, వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మంచం మీద ఛార్జింగ్ పెట్టొద్దు, పెట్టి బయటికి వెళ్లొద్దు. ఉబ్బినట్టు కనిపిస్తే ఇక దాన్ని వాడొద్దు.

గేర్ల పిచ్చోడు
మావయ్యగారు గెలిచారు, 18 వేలకి అదే నయం. కాకపోతే రాజమండ్రి గారూ, కిట్ కొనే రోజు వస్తే జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ ఒకటి తెప్పించుకోండి. టామియా స్క్రూలు చూడటానికి మన స్టార్ స్క్రూలాగే ఉంటాయి, మామూలు డ్రైవర్ పెడితే జారి తల అరిగిపోతుంది.

రాజమండ్రి నాన్న
అందరికీ థ్యాంక్స్ అండి. రెడీమేడ్ బగ్గీ, రెండో బ్యాటరీ, రెండు జతల ముందు ఆర్మ్‌లు ఆర్డర్ పెట్టేశా. మావాడు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు, విరిగిన ప్రతిసారీ స్క్రూడ్రైవర్ వాడి చేతికే ఇవ్వాలట. ఆవకాయ మాట మా ఆవిడకి చదివి వినిపించా. "ఆవకాయ పెట్టేది ఎవరో కూడా అడగండి" అంది.

వైజాగ్ బ్యాచిలర్
😂 సారీ అక్కా.