చెత్త కవర్లోని సూది ఆయమ్మ వేలికి దిగింది, ఎవరికి వాడిందో తెలియదు, ఇప్పుడేం చేయాలి?

మిర్యాలగూడ_సిస్టర్:
నమస్తే అందరికీ. ఇక్కడ ఒక చిన్న ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో పని చేస్తున్నాను. పొద్దున ఏడున్నరకు మా ఆయమ్మ వార్డులో చెత్త తీస్తూ పసుపు కవరు మూతి కడుతుంటే లోపలున్న సూది చూపుడు వేలికి కసుక్కున దిగింది. నైట్ డ్యూటీలో ఎవరో కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) పెట్టి, దాని సూదిని రక్తం దూదితో పాటే అందులో పడేసి పోయారు. గ్లౌజు వేసుకునే ఉంది కానీ ఆ పలచటి గ్లౌజు ఏం ఆపుతుంది, రక్తం కూడా వచ్చింది. రాత్రి చాలామందికి ఐవీ పెట్టారు కాబట్టి ఎవరి సూదో తేలేలా లేదు. మేనేజ్‌మెంట్ వాళ్లేమో టీటీ వేసి పంపండి, చిన్న సూదికే ఇంత లొల్లా అంటున్నారు. ఆమెకు యాభై దాటాయి, షుగర్ మాత్రలు వాడుతుంది, హెపటైటిస్ బి (లివర్‌కు సోకే వైరస్) టీకా ఎప్పుడూ వేయించుకోలేదట. ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఆ సూదిని ల్యాబ్‌కు పంపి టెస్ట్ చేయిస్తే ఏమన్నా తెలుస్తుందా?

నల్లమల_గాలి:
ముందు వేలు గట్టిగా పిండి చెడు రక్తం పోనివ్వండి, తర్వాత డెట్టాల్లో ముంచండి. మా దగ్గర అందరూ అదే చేస్తరు.

ఐసీటీసీ_కౌన్సిలర్:
పైన చెప్పింది దయచేసి చేయకండి. పిండితే ఆ చోట కండ నలిగి వాపు వస్తుంది తప్ప వైరస్ బయటకు రాదు. డెట్టాల్, స్పిరిట్, బ్లీచింగ్ ఏవీ పోయొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, ధారగా పడే నీళ్లు, అంతే. సిస్టర్, సూదిని టెస్ట్‌కు పంపడం కూడా వద్దు, దాని రిపోర్టును నమ్మలేం, పైగా దాన్ని పట్టుకునే ఇంకొకరికి గుచ్చుకుంటుంది.

ఇప్పుడు టైం ముఖ్యం. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు, పెప్ అంటాం, రెండు గంటల్లోపు మొదలుపెడితే చాలా మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. మీకు రెండు గంటలు దాటాయి, అయినా కంగారు పడాల్సిన పని లేదు, కానీ రేపు చూద్దాం అనుకోవద్దు. నల్గొండ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్‌లో ఏఆర్టీ సెంటర్, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు ఉంది, ఇప్పుడే బస్సెక్కించండి. ఒకవేళ సెంటర్ మూసే టైం అయితే క్యాజువాలిటీలో అడగండి. మందు ఉచితం. రోజుకు ఒక్కటే మాత్ర, 28 రోజులు, మధ్యలో ఆపకూడదు. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఉంటాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, డోలుటెగ్రావిర్‌తో కలిస్తే ఒంట్లో మెట్‌ఫార్మిన్ మోతాదు పెరుగుతుంది. ఆమె వాడే మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసి పంపండి, పేర్లు గుర్తుండవు కదా.

ఇంకోటి, అందరూ హెచ్‌ఐవీ అని భయపడతారు గానీ, ఆ సూది వాడిన పేషెంట్‌కు హెచ్‌ఐవీ ఉన్నా సరే, వెయ్యి మందికి అలా గుచ్చుకుంటే ముగ్గురికి వచ్చే అవకాశం. హెపటైటిస్ బి అట్ల కాదు, ఆ పేషెంట్‌కు అది ఉంటే టీకా లేనివాళ్లకు సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, ఆ వైరస్ ఎండిన రక్తంలోనూ ఏడు రోజుల దాకా బతుకుతుంది. కాబట్టి ఆయమ్మకు ఈరోజే మొదటి డోసు వేయించాలి, తర్వాత ఒక నెల ఆగి రెండోది, ఆరో నెలకు మూడోది. దాంతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే ఇంజెక్షన్) అవసరమా అని డాక్టరును అడగండి, అది 24 గంటల్లో పడితే మేలు. హెపటైటిస్ సికి ముందుజాగ్రత్త మందు లేదు, టెస్టులు చేస్తూ గమనించాలి, వచ్చినా ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది. రక్తపరీక్షలు ఈరోజు ఒకసారి, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు. అప్పటిదాకా రక్తం ఇవ్వకూడదు, భార్యాభర్తల మధ్య కండోమ్ తప్పనిసరి, ఈ మాట ఆయమ్మకు పక్కకు పిలిచి చెప్పండి.

పాలమూరు_ల్యాబ్:
సిస్టర్, ఆయమ్మ సంగతి అన్న చెప్పారు, నేను ఆ సూది గురించి చెప్తా. సూది పసుపు కవర్లో ఎందుకుంది? దానికి తెల్ల డబ్బా ఉంటుంది, గుచ్చినా చిల్లు పడనిది. అది వార్డులో ఏ మూలనో ఉంటే అర్ధరాత్రి అక్కడిదాకా ఎవరూ నడవరు, ట్రే పక్కనే ఉండాలి, ముప్పావు వంతు నిండగానే మార్చాలి. మా దగ్గర మంచం పక్కకే హబ్ కట్టర్, అంటే సూదిని మొదట్లో కత్తిరించే చిన్న పరికరం తీసుకెళ్తాం, సూది తీసిన చేత్తోనే అందులో కట్ చేసి సిరంజిని ఎర్ర కవర్లో వేస్తాం. కాన్యులా సూదితో వచ్చిన చిక్కేంటంటే అది లోపల బోలుగా ఉంటుంది, రక్తం అందులోనే నిలుస్తుంది, కుట్లు వేసే సూది కన్నా ప్రమాదం. క్యాప్ మళ్లీ పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు, ఆపండి అంటే వినరు, మరీ తప్పకపోతే క్యాప్‌ను ట్రేలో పెట్టి ఒక్క చేత్తోనే సూదితో దాన్ని ఎత్తుకోవాలి, రెండో చేయి దగ్గరికే రావద్దు.

కోదాడ_కుర్రోడు:
మేనేజ్‌మెంట్ మాటలు పట్టించుకోవద్దక్కా. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం చెత్త ఎత్తే వాళ్లందరికీ హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు వేయించాల్సింది హాస్పిటలే. 2017 హెచ్‌ఐవీ చట్టంలో కూడా ఇట్లాంటి ప్రమాదం ఉన్న పనివాళ్లకు పెప్ ఏర్పాటు చేయాలని ఉంది. అడగడం మన హక్కు. టైం, చోటు, ఎలా గుచ్చుకుంది అన్నీ రిజిస్టర్లో రాసి, ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

మిర్యాలగూడ_సిస్టర్:
అందరికీ చాలా థాంక్స్. ఆయమ్మను వాళ్లబ్బాయి నల్గొండ తీసుకెళ్లాడు, రెండున్నరకు మొదటి మాత్ర వేశారు, రక్తం తీసుకున్నారు, టీకా కూడా అయింది. మెట్‌ఫార్మిన్ డోసు తగ్గించారు. రాత్రి ఐవీ పెట్టిన వాళ్లలో ఇద్దరు ఇంకా ఇక్కడే ఉన్నారు, వాళ్లకు టెస్ట్ చేయొచ్చా? మాత్ర తిన్నాక వేసుకోవాలా, ముందా?

ఐసీటీసీ_కౌన్సిలర్:
విషయం వివరంగా చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే చేయాలి, చెప్పకుండా చేయడం చట్టప్రకారం తప్పు. వాళ్లకు నెగటివ్ వచ్చిందని ఆయమ్మ మందు ఆపేయొద్దు, సూది వాళ్లదే అని మనకు తెలియదు కదా. మాత్ర తిన్నాకైనా ముందైనా పర్వాలేదు, వికారం ఉంటే తిన్నాక వేయండి, రోజూ ఒకే టైంకు. గ్యాస్ సిరప్, ఐరన్, కాల్షియం మాత్రలుంటే దీనికి కనీసం రెండు గంటల తర్వాత.