సాగర్ నీటిమట్టం డ్యాష్‌బోర్డుకు ఏ చార్టులు పెట్టాలి?

హాలియా_ఆయకట్టు:
అన్నలూ, మాది ఎడమ కాలువ కింద ఊరు. నాగార్జున సాగర్‌లో నీళ్లెన్ని ఉన్నాయని మా రైతుల వాట్సాప్ గ్రూపులో రోజూ ఎవరో ఒకరు అడుగుతుంటే, మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో గూగుల్ షీట్‌లో ఎక్కించి గూగుల్ వాళ్ల చార్టుల టూల్ లుకర్ స్టూడియోలో డ్యాష్‌బోర్డు చేస్తున్నా. మట్టానికి ముల్లు తిరిగే గేజ్ పెట్టాను, జూరాల, శ్రీశైలం, సాగర్ నిల్వలకు పై చార్ట్ (గుండ్రంగా ముక్కలు కోసినట్టుండేది), మట్టం ఇన్‌ఫ్లో కలిపి ఒకే లైన్ చార్ట్. చూడ్డానికి బాగుంది కానీ చూసినవాళ్లు మళ్లీ ఫోన్ చేసి "ఇంతకీ యాసంగికి నీళ్లిస్తారా" అనే అడుగుతున్నారు. ఇంకోటి, వారం లెక్కన పెడితే మట్టం నాలుగు వేల అడుగులు చూపిస్తోంది, ఎందుకు?

మిర్యాలగూడ_షీట్స్:
తమ్ముడూ, ముందు ఆ గేజ్ తీసెయ్. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. అంటే 510కి వచ్చిందంటే సాగుకు నీళ్లు అయిపోయినట్టే, కానీ సున్నా నుంచి 590 దాకా పెట్టిన గేజ్‌లో ముల్లు అప్పుడు కూడా 86 శాతం దగ్గర ఉంటుంది! అది చూసిన రైతు నారు పోసుకుంటే ఏం కావాలి?

మట్టం కాదు, నిల్వ చూపించు. నిండితే 312 టీఎంసీలు, 510 దగ్గర సుమారు 131. చార్ట్‌లో 131 దగ్గర ఒక అడ్డగీత గీసి, దానిపైన ఉన్నవే మనవని రాయి. జూన్ 1 నుంచి మే 31 దాకా అడుగున పెట్టి, ఈ ఏడాది గీత ముదురు నీలం, గత నాలుగైదేళ్లవి లేత బూడిద రంగు చెయ్. నిరుడు ఇదే రోజుకు ఎంత ఉంది, వారబందీ (వంతులవారీగా నీళ్లివ్వడం) పెట్టిన ఏడాది ఎంత ఉంది అని పోల్చుకోగానే సగం ఫోన్లు ఆగిపోతాయి. దీనికి షీట్‌లో రెండు కాలమ్‌లు కలుపుకో: నీటి సంవత్సరం ఒకటి, జూన్ 1 నుంచి ఎన్నో రోజు అన్నది ఇంకోటి.

ఆ గుండ్రటి పై చార్ట్ కూడా వద్దు. జూరాల మొత్తం పది టీఎంసీలు కూడా లేదు, నిండుగా ఉన్నా సన్న చీలికలాగే కనబడుతుంది. ఏ ప్రాజెక్టు ఎంత శాతం నిండిందో అడ్డం బార్లలో పెట్టి, పక్కన టీఎంసీలు అంకెల్లో వెయ్.

హాలియా_ఆయకట్టు:
అర్థమైందన్నా, 131 గీత సంగతి నాకు తట్టనే లేదు. మరి ఆ నాలుగు వేలు?

పాలమూరు_డేటా:
లుకర్ మెట్రిక్‌ను మామూలుగా సమ్ చేస్తుంది, 585 అడుగులు ఏడు రోజులు కూడితే 4,095 వస్తుంది మరి. మెట్రిక్ మీద నొక్కి యావరేజ్‌కి మార్చు. ఇన్‌ఫ్లోకు కూడా యావరేజే, ఎందుకంటే క్యూసెక్కులంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీళ్లు వస్తున్నాయన్న వేగం, కూడే లెక్క కాదు. 11,574 క్యూసెక్కులు రోజంతా వస్తే ఒక టీఎంసీ అవుతుంది కాబట్టి, ఇన్‌ఫ్లోను ఆ లెక్కన రోజుకు ఇన్ని టీఎంసీలని మార్చి చూపిస్తే ఇంకా మేలు. మట్టం, ఇన్‌ఫ్లో ఒకే చార్ట్‌లో రెండు స్కేళ్లతో పెట్టకు, గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట ఏదో జరిగిందనుకుంటారు. ఒకదాని కింద ఒకటి పెట్టి తేదీలు కలిసేలా చూడు.

ఇంకో రెండు చూసుకో. ఒకరోజు లెక్క ఎక్కించకపోతే గీత సున్నాకు పడిపోతుంది, డ్యామ్ ఖాళీ అయినట్టు కనబడి రైతులకు టెన్షన్. స్టైల్‌లో మిస్సింగ్ డేటా దగ్గర లైన్ బ్రేక్స్ పెట్టు. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశం పద్ధతి అన్నది) అమెరికా ఉంటే 3/7 అని రాసిన జులై 3ని మార్చి 7గా చదువుతుంది, ఇండియా చెయ్.

మిర్యాలగూడ_షీట్స్:
అవును, తేదీ సంగతి ముందే సరిచూసుకో తమ్ముడూ, తర్వాత వెతకడం కష్టం. అందరూ ఫోన్లోనే చూస్తారు కాబట్టి పేజీ నిలువుగా పెట్టి, పైన "సాగుకు మిగిలినవి ఇన్ని టీఎంసీలు" అని ఒకే పెద్ద అంకె, దాని కింద ఏ తేదీ లెక్కో రాయి. అయ్యాక లింక్ ఇక్కడ పెట్టు, చూస్తాం.